ఆఖరి ట్రిప్పు కిరసనాయిలు

అక్టోబరు మొదటి వారంలో బేస్ క్యాంపు దగ్గర ట్రక్కు దిగినాను. పొద్దున తొమ్మిది గంటలు. ఎండ ఉంది, వేడి లేదు. ఎత్తు పదకొండు వేల అడుగులు. పైన సరిహద్దు పోస్టు పద్నాలుగు వేలు. మధ్యలో ఆరు గంటల నడక. రోడ్డు లేదు.

మాది కొమరోలు దగ్గర పల్లె. నాయన ఎద్దులతో సేద్యం చేసినాడు. నాకు పశువులు తెలుసని మిలిట్రీలో కంచర గాడిదల దళంలో వేసినారు. మంచుకు దారి మూసుకుపోయేలోగా పోస్టుకు చలికాలం సరుకు చేర్చాల. అన్నిటికంటే ముఖ్యం కిరసనాయిలు. అది లేకపోతే పైన వెచ్చదనం లేదు, తాగను నీళ్లు లేవు. మంచు కరిగించుకోవాల కదా.

మా హవల్దారు దొనకొండ మనిషి. నా మాట వినంగానే, "ఏందబ్బాయ్, మన వైపోడివేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్న. గాడిదలతో తెలుగులోనే మాట్లాడేవాడు. హిందీవాళ్లు నవ్వేవాళ్లు. గాడిదలు మాత్రం ఆయన మాట వినేవి. నాకు మొదట నేర్పింది ఒకటే: గాడిద కాలు జారితే తాడు వదిలేయాల, మనిషి మిగలాల.

రెండు రోజులకొక ట్రిప్పు. ఆరు వారాలు. బూట్లు ఆరేవి కావు. నడుస్తూనే కునుకు తీయడం అలవాటైపోయింది.

ఇంకొక్క ట్రిప్పు మిగిలింది. రెండు రోజుల్లో పెద్ద మంచు అన్నారు. ఉదయం ఆరింటికి బయల్దేరినాము. నలుగురు మనుషులు, ఏడు గాడిదలు. ముందు అన్న, వెనక నేను. పదీ నలభైకి, కొత్త మంచు కింద దారి అంచు విరిగింది. ముందు గాడిద జారింది. అన్న తాడు వదల్లేదు. మరిచిపోయినాడో, మనసు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

గాడిదతో పాటు రెండు వందల అడుగుల లోతుకు పడినాడు. పిలిచినాను. పలకలేదు. రేడియోలో బేస్ ఆఫీసరు అడిగినాడు.

"కదలిక ఉందా?"

"లేదు సార్."

కొంచెంసేపు గరగర.

"పోస్టు నుంచి తాళ్లతో మనుషులు దిగుతున్నారు. మబ్బు కమ్ముతోంది. మీరు లోడు ఆపొద్దు."

కొండవైపు మంచు చెక్కి దారి చేసుకున్నాము. ముందు తాడు నేను పట్టుకున్నాను. అన్నను అక్కడే వదిలి నడిచినాను. పోస్టువాళ్లు దారిలో ఎదురైనారు. ఒంటిగంటకు లోడు దించి, వెంటనే కిందికి తిరిగినాము.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చినాను. పోయిన ఆగస్టులో మార్కాపురంలో మాజీ సైనికులకు సన్మానం చేసినారు. దండ వేసి, చేతులు పట్టుకొని మంచి మాటలు చెప్పినారు. మనస్ఫూర్తిగానే చెప్పినారు. నాకేమో అలసటగా ఉండింది. అక్కడి నుంచే రైలెక్కి దొనకొండలో దిగినాను. ఇన్నేళ్లూ అన్న ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు.

వదిన కంది చేలో కలుపు తీస్తోంది. నేనెవరో చెప్పినాను. గట్టు మీద కూర్చోమంది. కలుపు తీసే దోకి పట్టుకొనే పక్కన కూర్చొని అడిగింది.

"ఆయన పడంగానే కిందికి దిగినారా?"

"లేదు వదినా. సరుకు పైకి చేర్చి వచ్చినాము."

ఆమె దోకికి అంటిన మట్టి వేలితో గీకింది.

"అందిందా వాళ్లకు?"

"అందింది. చలికాలమంతా సరిపోయింది."

"ఎంతమంది ఉన్నారు పైన?"

"పద్దెనిమిది మంది."

"అందరూ ఇండ్లకు పోయినారా?"

"పోయినారు వదినా."

తల ఊపింది. చెంబుతో నీళ్లిచ్చి, తిని పొమ్మంది. తిన్నాను.

తిరుగు రైల్లో కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే కనపడేది ఒకటే. ఆ రోజు మేము దిగి వచ్చేసరికి అన్నను పైకి తీసి, దారి మీద స్ట్రెచర్‌లో పడుకోబెట్టినారు. పోస్టువాళ్లు ఆరుగురు చుట్టూ నిలబడినారు. ఆ చలిలో గ్లౌజు తీస్తే వేళ్లు పోతాయి. ఆరుగురూ తీసినారు. ఒక్కొక్కరే వంగి, వట్టి చేతులతో ఆయన బూట్ల మీది మంచు తుడుస్తున్నారు.