ముద్ర పడని యాభై కిలోమీటర్లు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ప్రతి అక్షరమూ నిజమని ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఒట్టు పెట్టుకోవడం తప్పని మాకు సండే స్కూల్లో నేర్పారు. అయినా పెట్టుకుంటున్నానంటే నా అవసరం ఎలాంటిదో మీరే గ్రహించండి. నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వుకోండి. కానీ ఆఖరిదాకా వినండి.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఏడో తరగతి చదువుతున్నాను. నా మాటల విషయంలో మా బళ్ళో ఒక సూత్రం ఉండేది. నేను చెప్పినదాంట్లో సగం తీసెయ్యాలి, మిగిలిన సగం మా అమ్మని అడిగి రూఢి చేసుకోవాలి. ఈ సూత్రం కనిపెట్టింది మా తెలుగు మాస్టారు. తప్పు ఆయనది కాదు. ఎర్రకాలవలో మొసలి మా నాన్నగారి గొడుగు లాక్కుపోయిందనీ, వానొచ్చినప్పుడు దాన్ని వేసుకుని గట్టు మీద తిరుగుతోందనీ చెప్పినవాణ్ణి నేనే.

మా అమ్మకి ఆఖరి తమ్ముడు, మా చిన్న మావయ్య, కాకినాడలో ఉండేవాడు. పొడుగ్గా, ఎర్రగా, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉండేవాడు. ఏ ఉద్యోగమూ ఆయన దగ్గర ఆరు నెలలు మించి నిలిచేది కాదు. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం. నా కోతలు మధ్యలో ఆపకుండా వినేవాడు లోకంలో ఆయనొక్కడే. ఆ ఏడు వేసవిలో, మా బడికి ఇంకా సెలవులివ్వకముందే, ఆయన కాకినాడ నుంచి కన్యాకుమారి దాకా సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. హ్యాండిల్‌కి ముందు రేకు బోర్డు, దాని మీద ఎర్ర రంగుతో ప్రపంచ శాంతి గురించి రెండు ముక్కలు. వెనక క్యారేజీకి దుప్పటి చుట్ట, గాలి పంపు.

ఆ రోజుల్లో అలాంటి యాత్రికులు మన ఊళ్ళ మీదుగా తరచూ వెళ్తుండేవారు. వాళ్ళందరి దగ్గరా ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఏ ఊరు చేరితే ఆ ఊళ్ళో హెడ్మాస్టరుగారో పోస్టుమాస్టరుగారో, ఫలానా మనిషి ఫలానా ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ ఇక్కడికి వచ్చాడని రాసి, సంతకం పెట్టి, ఊదారంగు ముద్ర వేసేవారు. ముద్ర పడితే వచ్చినట్టు. లేకపోతే రానట్టే.

శుక్రవారం సాయంత్రం మావయ్య మా ఇంట్లో దిగి, ఆ పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. సామర్లకోట, రాజమండ్రి, కొవ్వూరు. పేజీకొక ముద్ర. వాటిని వేలితో తడుముతుంటే నాకొక ఆలోచన వచ్చింది. నా బతుకులో ఎవరూ కాదనలేని నిజం ఒక్కటైనా ఉండాలంటే, అది ఈ పుస్తకంలోనే పడాలి. ఏలూరు దాకా నేనూ తొక్కుతానన్నాను. ఏలూరులో మా పెద్దమ్మ ఉంది కాబట్టి, తిరిగి రైల్లో రావచ్చు కాబట్టి, అమ్మ గంటసేపు తిట్టి ఒప్పుకుంది.

"నీ పేరు కూడా రాయిస్తాను, అల్లుడూ. కింద ముద్ర కొట్టిస్తాను. ఆ పేజీకి నకలు చేయించి నీకిచ్చేస్తాను, సరేనా?" అన్నాడు మావయ్య. అప్పటికప్పుడు మా క్లాసు లీడరు ఇంటికి పరుగెత్తి చెప్పాను. వాడు జామకాయ కొరుకుతూ, "ముద్ర ఉన్న కాగితం తేరా. అప్పుడు చూద్దాం" అన్నాడు.

శనివారం తెల్లవారుతూనే చద్దన్నం తిని బయల్దేరాం. నాది మా నాన్నగారి సైకిలు. సీటు మీద కూర్చుంటే పెడళ్ళు అందవు. మధ్య కడ్డీకి పాత తువ్వాలు చుట్టుకుని దాని మీద కూర్చున్నాను. బాదంపూడి దాటేదాకా చల్లగానే ఉంది. పక్కనే ఏలూరు కాలవ, గట్టు మీద కొబ్బరిచెట్లు, కళ్ళాల్లో రెండో పంట దాళ్వా ధాన్యం ఎగరేస్తున్న చప్పుడు. ఊరూరా పిల్లలు మా వెనక పరుగెత్తారు. మావయ్య కుడిచెయ్యి ఎత్తి వాళ్ళకి నమస్కారం చేస్తుంటే, నేనూ ఎడమచెయ్యి ఎత్తి ఒకసారి కాలవలో పడబోయాను.

ఉంగుటూరు దాటాక ఎండ మొదలైంది. ఆ రోజు ఎండ ఎంతంటే, రోడ్డు దాటుతున్న బాతుల మందలో ఒక బాతు దారి మధ్యలో గుడ్డు పెట్టింది. నేను సైకిలు దిగి దాని దగ్గరికి వెళ్ళేసరికి అది ఉడికిపోయి ఉంది. పెంకు ఒలుచుకుని తిన్నాను. ఉప్పు లేదనే లోటు తప్ప బాగానే ఉంది.

కైకరం దగ్గర మావయ్య ఆగిపోయాడు. చైను వదులైందన్నాడు. "నువ్వు తొక్కుతూ ఉండరా, అల్లుడూ. షాపులో బిగించుకుని రెండు నిమిషాల్లో నిన్నందుకుంటాను. నీ స్పీడెంత, నా స్పీడెంత!" అన్నాడు. నవ్వుకుంటూ ముందుకి వెళ్ళిపోయాను.

పూళ్ళ దాటాను. వెనక్కి చూసినప్పుడల్లా రోడ్డు మీద నీళ్ళలాంటి మెరుపు తప్ప మనిషి లేడు. అంతలో ఒక లారీ హారను కొడుతూ నా పక్క నుంచి వెళ్ళింది. ధాన్యం బస్తాల లోడు. బస్తాల మీద ఒక సైకిలు అడ్డంగా పడుకుని ఉంది. దాని ముందు చక్రం గాలికి తిరుగుతోంది. పక్కనే మావయ్య, దుప్పటి చుట్ట తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

నా మొదటి ఆలోచన ఆయనకేదో దెబ్బ తగిలి ఉంటుందని. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుర్తుంది. "మావయ్యా!" అని గొంతు చించుకుని అరిచాను. ఆయన తల తిప్పి చూశాడు. నల్లకళ్ళద్దాలు తీసే ఉన్నాయి, కళ్ళూ కళ్ళూ కలిశాయి. అప్పుడాయన పక్కనున్న టోపీ తీసి, నెమ్మదిగా ముఖం మీద కప్పుకున్నాడు.

లారీ వెళ్ళిపోయింది. నేను చాలాసేపు కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను. వెనక్కి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. కానీ ముద్ర ఏలూరులో ఉంది. ఆయన లారీలో వెళ్తే నాకేం, నేను తొక్కాను, నా మాట రాయిస్తాడు అనుకున్నాను. పన్నెండేళ్ళవాడికి అంతకంటే లోకం తెలియదు.

భీమడోలు దాటాక దక్షిణం నుంచి కొల్లేటి గాలి వచ్చింది. చల్లగాలి అనుకుంటారేమో. ఎండుతున్న బురదనీ, చేపల నీచునీ కలిపి పొయ్యి మీద వేయించినట్టుంది. గుండుగొలను చలివేంద్రంలో ఒక ముసలమ్మ కొబ్బరిచిప్ప గరిటెతో నా దోసిట్లోకి నీళ్ళు పోసింది.

"ఎక్కణ్ణుంచి బాబూ?"

"గూడెం నుంచండి."

"గూడెం నుంచే! ఆ సైకిలు నీకంటే పెద్దదిగా ఉంది. ఏ లారీవాడు దింపేసి పోయాడు నాయనా నిన్ను ఇక్కడ?"

గుక్కెడు నీళ్ళు ముక్కులోకి పోయాయి. అప్పటికే నా అరచేతుల్లో బొబ్బలు చితికిపోయాయి. వాటిని చూపించాను. ఆవిడ జాలిపడి ఇంకో గరిటె పోసింది గానీ, నమ్మినట్టు కనిపించలేదు.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కొల్లేటిలో చెయ్యి ముంచి వచ్చే గాలంతా ఆ పట్నం మీదుగానే పోతుందని చెప్పుకునేవారు. ఆ రోజు గాలి కూడా ఏదో అరుగు మీద పడుకుంది. కాలవ వంతెన దిగగానే ఒక స్కూలు ఆవరణలో చిన్న షామియానా కనిపించింది. లోపల మైకులో మావయ్య గొంతు.

ఆయన చొక్కా వెనక నుంచి ముందుదాకా తడిసి ఉంది. చెమట అనుకున్నాను. దగ్గరికి వెళ్తే బొట్లు కారుతున్నాయి. మనిషికి చెమట జుట్టులోంచి అలా ధారగా కారదు. కుళాయి కింద తల పెట్టి వచ్చి నిలబడ్డాడన్నమాట. భీమడోలు దగ్గర వడగాలికి కళ్ళు బైర్లు కమ్మిన వైనం, అయినా పట్టు విడవని వైనం చెబుతున్నాడు. నాకు బైర్లు కమ్మింది కూడా సరిగ్గా అక్కడే. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను.

సైకిలు గోడకి జారేసి ముందుకి వెళ్ళాను. నా వాలకం చూసి హెడ్మాస్టరుగారు కంగారుపడి లేచారు. "ఈ బాబెవరండీ? మీతో వచ్చాడా?" అని మావయ్యని అడిగారు.

మావయ్య నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆయన గొంతు మైకులో ఆగింది. ఆ క్షణంలో ఆయన చెప్పబోతున్నాడనే అనుకున్నాను.

"ఊరి పొలిమేరలో కనబడ్డాడండీ. పాపం, ముచ్చటపడి నా వెనకాల తొక్కుకుంటూ వచ్చేశాడు. ఈ బాబుకి కూడా చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. "నేను గూడెం నుంచి తొక్కానండి!" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినబడింది. షామియానా అంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ముద్దు నవ్వే. హెడ్మాస్టరుగారు నా భుజం తట్టి, "శెభాష్! కోస్తే గూడెం నుంచే కొయ్యాలి" అని గోలీసోడా తెప్పించారు. లారీ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పైకి రాలేదు. గోలీసోడాతో పాటు లోపలికే పోయింది. ఎందుకు మింగానో ఇన్నేళ్ళు ఆలోచించాను. ఎదురుగా దండ వేసుకుని నిలబడిన మనిషి అప్పటికీ నా మావయ్యే. అంతకు మించి జవాబు దొరకలేదు.

నా కళ్ళముందే పుస్తకం తెరిచారు. మావయ్య తాడేపల్లిగూడెం నుంచి సైకిలు మీద వచ్చాడని రాశారు. ముద్ర టప్పున పడింది.

తరవాత కుళాయి దగ్గర ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి, "నా పేరో?" అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆయన నా ముఖం చూడకుండా, పాదం మీద లేని మట్టిని రుద్దుకుంటూ అన్నాడు. "పన్నెండేళ్ళ పిల్లాడు తొక్కేసిన దారికి, నా మెళ్ళో దండ ఎవడేస్తాడ్రా, అల్లుడూ?"

పొద్దుగూకేలోపే ఆయన విజయవాడ వైపు వెళ్ళిపోయాడు. దేనిమీద వెళ్ళాడో నేను చూడలేదు. రెండు నెలల తరవాత కన్యాకుమారి నుంచి తెచ్చానని మా అమ్మకి గవ్వల పెట్టె ఒకటి ఇచ్చాడు. సరిగ్గా అలాంటివి అన్నవరం కొండ కింద కూడా దొరుకుతాయి.

సోమవారం బళ్ళో క్లాసు లీడరు చెయ్యి చాపాడు. "ఏదిరా కాగితం?"

నా అరచేతులకి గుడ్డ కట్టి ఉంది. విప్పి చూపించవచ్చు. నూతి దగ్గర తాడు కోసింది అంటారని తెలుసు. "మావయ్యే తొక్కాడురా. నేను ధాన్యం లారీ ఎక్కి వెళ్ళాను" అన్నాను. అందరూ నమ్మేశారు. ఎవరూ ముద్ర అడగలేదు. నా మాటని క్లాసంతా ఒక్కమాటగా నమ్మడం అదే మొదటిసారి. ఆ మూడు రోజుల్లో నేను చెప్పిన అబద్ధం కూడా అదొక్కటే.

చాలా ఏళ్ళకి నా పెళ్ళి విందులో మావయ్య మైకు అడిగి తీసుకున్నాడు. అప్పటికి జుట్టు తెల్లబడింది, నల్లకళ్ళద్దాలు మాత్రం మారలేదు. "ఈ పెళ్ళికొడుకు పన్నెండేళ్ళ వయసులో, మండుటెండలో గూడెం నుంచి ఏలూరు దాకా ఒంటరిగా సైకిలు తొక్కాడండీ. నేను లారీ మీద పడుకుని వెళ్ళాను. దీనికి సాక్షిని నేనే" అన్నాడు.  మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటిముందు నుంచి కుర్రాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, గేర్ల సైకిళ్ళ మీద వెళ్తుంటారు. మంచినీళ్ళకి ఆగి ఫోను చూపిస్తారు. వాళ్ళు తొక్కిన దారంతా అందులో ఎర్రగీతలా పడి ఉంటుంది. అదృష్టవంతులు. వాళ్ళ సాక్షి టోపీ కప్పుకోలేడు.

ఆ రోజు నుంచి నాతో వచ్చిన తెలివి ఒకటుంది. అబద్ధాలు రెండు రకాలు. లేనిదాన్ని కలిపేది ఒకటి, ఉన్న మనిషిని తీసేసేది ఇంకొకటి. మొదటిది నేను జీవితమంతా చేశాను, ఓపిక ఉన్నన్నాళ్ళూ చేస్తాను. రెండోది మాత్రం ఏ కోతలోనూ, ఎంత చిన్న మనిషి విషయంలోనూ చెయ్యలేదు. ఏ పిల్లవాడైనా వచ్చి ఏదైనా గొప్ప చెబితే రుజువు అడగను. తరవాతేమైందని అడుగుతాను.

ఇక ఒప్పుకోవలసింది ఒకటి మిగిలింది. మీరు దేన్ని అనుమానించారో నాకు తెలుసు. ఆ బాతుగుడ్డు నిజమే. నేను కల్పించింది పెళ్ళి విందులో మావయ్య మాటలు ఒక్కటే. మైకు అడిగింది నిజం. యాత్ర కథంతా చెప్పింది నిజం. కథ ఏలూరు దగ్గరికి వచ్చేసరికి ఆయన నావైపు చూసింది కూడా నిజం. నేను పెళ్ళికొడుకు కుర్చీలోంచి కొంచెం ముందుకి వంగాను. "అక్కడ పొలిమేరలో ఒక కుర్రాడు కనబడ్డాడండీ" అని, ఆయన కథలో విజయవాడ వెళ్ళిపోయాడు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన చెప్పని ఆ నాలుగు మాటలూ ఆయన చేత ఎన్ని అరుగుల మీద, ఎంతమంది ముందు చెప్పించానో లెక్కలేదు. ప్రతిసారీ అందరూ నమ్మారు. మీ దగ్గర మాత్రం ఆయన్ని పక్కన పెట్టేసి, ఏ సాక్షీ లేకుండా నేనే చెబుతున్నాను. నేను తొక్కాను. గూడెం నుంచి ఏలూరు దాకా, దిగకుండా కాదు గానీ, పూర్తిగా తొక్కాను.