శంషాబాద్ సముద్రానికి మా ప్రయాణం

సముద్రానికి నూరు గజాల దూరంలో కాపురముండే మనిషి, ఆ సముద్రం ఎలా ఉందో తెలుసుకోవడానికి బస్సెక్కి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగాడు. ఆయన మా మేనత్త కొడుకు సూర్యం బావ. కాకినాడ అవతల రొయ్యపిల్లల హేచరీ నడుపుతాడు. ఎనిమిది తొట్లలో ఈగ రెక్కంత పిల్లలు; బావ మాట నమ్మితే వాటి జనాభా దేశ జనాభాకు రవ్వంత తక్కువ. వాటికి రోజూ సముద్రపు నీరు మార్చాలి. ఉప్పు తగ్గిన నీరు పడితే తెల్లారేసరికి అన్నీ చచ్చి తొట్టి అడుగున ఉంటాయి.

గోదావరికి వరదొచ్చి, ఆ మంచినీళ్లు సముద్రంలో కలవడం మొదలై వారమైంది. బావ సముద్రపు నీరు తోడే మోటారు ఆపేసి నిల్వ నీటితో నెట్టుకొస్తున్నాడు. అది ఇక ఒక్కరోజుకే సరిపోతుంది. ఉప్పు కొలిచే గొట్టం ఇంట్లోనే ఉంది గానీ, అది బకెట్లో నీటి సంగతి చెబుతుంది, వెనకాల రాబోయే నీటి సంగతి చెప్పదు. మోటారు వేస్తే పన్నెండు గంటలు తోడాలి మరి.

శంషాబాద్ దగ్గర ఉపగ్రహ చిత్రాలు చూసి సముద్రం సంగతి చెప్పే ఆఫీసుందని బావకు చెప్పింది నేనే. వాళ్లు చిత్రం ఫోనుకే పంపిస్తామన్నారు. కానీ ఫొటో చూసి పిల్లను ఖాయం చేసుకోని వంశం మాది.

ఎనిమిదింబావుకు ఎల్.బి.నగర్‌లో బస్సెక్కాం. జల్‌పల్లి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒకరి చెమట ఇంకొకరు తుడుచుకునేంత బంధుత్వం కలిసింది. ఆరాంఘర్‌లో బస్సు మారి, పదింటికి శంషాబాద్‌లో ఇడ్లీ తిన్నాం. విమానం చక్రం కింద ఒకటి పెడితే చాలు, బ్రేకులక్కర్లేదు.

తొండుపల్లి ఆటో అతను అడిగాడు: "ఎయిర్‌పోర్టుకా అన్నా?"

"కాదు, సముద్రం చూడాలి" అన్నాడు బావ.

అతను వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ పరీక్షగా చూశాడు. "గిక్కడ సముద్రమేడిది? గండిపేట చెరువు సూపిస్త, జర సర్దుకోరి."

అడ్రసు చూపించాక నూట యాభై కిరాయి అడిగాడు. దారిలో ఎగిరిన ప్రతి విమానానికీ బావ తల వంచాడు.

గేటులో ఫోన్లు పెట్టెలో పెట్టించారు. అప్పుడు పదకొండుంబావు. నాలుగడుగులు వేసి బావ ఆగాడు. "ఒరేయ్, కనుచూపు మేరా నీలంగా ఉంటే పన్నెండుకి మోటారు వేసెయ్యమని మంగకి చెప్పొచ్చాను."

మంగక్క ఆయన భార్య.

"నీలంగా ఉంటే చాలా?"

"ఎర్రగా ఉంటే గోదారి, నీలంగా ఉంటే సముద్రం. మా తాతలు చూసిన గుర్తది."

లోపల చిత్రాలు చూపించిన లావణ్య గారు హైదరాబాద్ దగ్గరి కందుకూరు రైతుబిడ్డ. మొదటి తెర మీద రంగు చూసే ఉపగ్రహం తీసిన చిత్రం. పోయిన వారం ఒడ్డంతా ఎర్రమట్టి, ఇవాళ నిగనిగలాడే నీలం. బావ ముఖం పెళ్లికొడుకు ముఖమైంది. రెండో తెర, సముద్రం పై నుంచి వచ్చే సన్నని తరంగాలను బట్టి ఉప్పును అంచనా కట్టే ఉపగ్రహానిది. అందులో తీరం పొడుగునా, ఉప్పు తగ్గిన చోటల్లా, పచ్చటి నాలుక.

"మట్టి అడుగుకు పోయింది గని తీపినీళ్లు పోలే అన్నా. తేలిక గద, పైన మీగడ లెక్క పరుసుకున్నయ్. ఒడ్డుకు ఆనుకొని దీనికి సరిగ్గ కానరాదు. గని అంత దూరం దాకా తీపి ఉంటే ఒడ్డుకాడ లేకుంటెట్లుంటది?" అన్నారావిడ.

గోడ గడియారంలో పదకొండు యాభై రెండు. బావ లేచాడు. ఆ పరుగు రన్‌వే మీద పరిగెడితే టేకాఫ్ అయిపోయేవాడు. గేటు దగ్గర కాపలా పెద్దమనిషి పుస్తకం తెరిచి, "ఫోను ఇస్త బాపు, ముందుగాల సంతకం పెట్టు" అన్నాడు. బావ పెట్టింది సంతకం కాదు, భూకంపం.

యాభై ఎనిమిదికి మంగక్క ఫోనెత్తింది.

"వెయ్యకే! మోటారు వెయ్యకు!"

"స్విచ్చి మీదే ఉంది చెయ్యి. సముద్రం అద్దంలా ఉంటే వద్దంటావేంటి?"

"నీలంగా ఉంది గానీ ఉప్పు లేదే!"

"మరి రేపటికి నీళ్లో? నీ ఉపగ్రహం మోసుకొస్తుందా?"

వెనకే వచ్చిన లావణ్య గారు ఫోనందుకున్నారు. "అక్కా, ఉపగ్రహం సూసేది పైతోలే. కింద ఏమున్నదో నాకిక్కడ తెల్వది. పడవల పోయి లోతుకెల్లి నీళ్లు తీసి కొలువుండ్రి. ఉప్పుంటే పైపు కిందికి దించుకోరి."

ఒంటిగంటన్నరకు శంషాబాద్‌లో భోజనం. బావ ముద్ద ముట్టలేదు. ఆపదలో బంధువు ఆదుకోవాలి కనుక రెండు పళ్లేలూ నేనే తిన్నాను. మీరు వెళ్లేటట్టయితే ఉదయమే బయల్దేరండి, ఇంట్లోవాళ్లకు గడువులు పెట్టకండి.

తిరుగు బస్సులో, మూడున్నరకు, మంగక్క ఫోను. సీసాకి రాయి, మూతకి వేరే తాడు కట్టి, మూడు బారల లోతున మూత లాగారట. నాలుగుచోట్ల కొలిచారట. "ఉప్పు నిండుగా ఉంది. పైపు దించి మోటారు వేశాను. నువ్వక్కడే ఇంకాసేపు సముద్రం చూసి రా."

వద్దని చెప్పడానికి ఆకాశంలో ఉపగ్రహం కావలసి వచ్చింది. వెయ్యమని చెప్పడానికి రాయి కట్టిన సీసా కావలసి వచ్చింది. నాకీ ప్రయాణంలో అర్థమైంది ఇంతే. బావకు అదేమీ పట్టలేదు. నిండు బస్సులో లేచి నిలబడి, "మూడు బారల కింద ఉందిరా!" అని అరిచాడు.

ముందు సీట్లో ఆవిడ గభాలున తిరిగింది. "ఏందన్నా, బంగారమా?"

"ఉప్పమ్మా, ఉప్పు!" అన్నాడు బావ.