అగ్గిపుల్లతో కొలిచిన మొలక

నేను పాఠాలు చెప్పే బడిలో, రెండో తరగతి గది కిటికీ దగ్గర, గాజు గ్లాసుల్లో తడి దూది మీద బొబ్బర్లు మొలకెత్తుతున్నాయి. ఉదయం తలుపు తీయగానే ఆ పచ్చి వాసన ముఖానికి తగులుతుంది. ఆ వాసనంటే భయం నాకు ఏడేళ్ల వయసులో, మౌలాలి రైల్వే కాలనీ బడిలో మొదలైంది.

మా ఇంట్లో అక్షరం తెలిసినవారు లేరు. నాయన పట్టాలను కనిపెట్టుకొని ఉండే గ్యాంగ్‌మన్. రెండు పట్టాల నడుమ గోరంత తేడా వచ్చినా చూపుతోనే పసిగట్టేవాడు. సాయంత్రాలు క్వార్టర్ ముందు నులకమంచం వాల్చుకొని, అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, పెనం మీద మాడే పిండి వాసన, గూడ్సుబండి పోతుంటే వణికే గిన్నెలు, వీటన్నిటి మధ్య నేను వాచకం తెరిచి గడగడా అప్పజెప్పేదాన్ని. "మా బిడ్డ రైలు లెక్క సదువుతది," అని నాయన తోటివారితో చెప్పుకొనేవాడు. నిజానికి నాకు చదవడం రాదు. తరగతిలో అందరూ గొంతు కలిపి అనే పాఠాలు చెవికెక్కాయి. ఏ బొమ్మకు ఏ పాఠమో గుర్తుపెట్టుకొని, సరిగ్గా అక్కడే పేజీ తిప్పేదాన్ని.

ఆ వానాకాలంలో సుగుణ టీచర్ వచ్చారు. కోస్తా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వారిది. మడత నలగని నూలుచీర, మెత్తని గొంతు. వాచకాలు పక్కన పెట్టించి, గింజలు నానబెట్టించి, మొలకను అగ్గిపుల్లతో కొలిపించి, ఆ రోజు చూసినదాన్ని రోజుకొకరిచేత గోడమీది కాగితంపై ఒక్క వాక్యంగా రాయించేవారు. చదువుకూ అదే పాఠం, లెక్కకూ అదే. పిల్లలంతా సంబరపడ్డారు, నాకు మాత్రం అన్నం సహించలేదు. రోజుకొక వాక్యం పెరిగే పాఠాన్ని ముందుగా విని ఉంచుకోవడం ఎలా? రాసే వంతు వస్తే జ్వరమని ఇంట్లో పడుకున్నాను. తక్కిన రోజులు ఇతరులు చదివింది విని నెట్టుకొచ్చాను.

టీచర్ వారానికొక ఇంటివారిని పిలిచి పిల్లలచేత చదివించేవారు. మేము బోనాలకు సికింద్రాబాద్‌లోని మేనత్త ఇంటికి వెళ్లి, బెల్లం అన్నం, వేపాకు వాసన, డప్పుల మోతల్లో రెండు రోజులు గడిపి తిరిగివచ్చిన మరునాడే మా వంతు పడింది. నాయన సెలవు పెట్టి, ఉతికిన చొక్కా తొడుక్కొని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్న బెంచీ మీద కూర్చున్నాడు. టీచర్ నేను బడికి రాని నాటి, నేను వినని వాక్యం మీద వేలు పెట్టారు.

"మొలక రెండు పుల్లల పొడవు ఉంది," అన్నాను.

నాయన కిటికీ వైపు చూశాడు. "రెండు పుల్లలు ఏడున్నది బిడ్డా? ఇయ్యాల్టికి ఒక్కటి సుత నిండలే. జెర మల్ల సూడు."

వెనక బెంచీ నుంచి, నాతో చదివే యాదమ్మ అంది: "నీ బిడ్డ కండ్లతోని సదవది కాకా, చెవులతోని సదువుతది."

తరగతంతా నవ్వింది. "మీరుండండర్రా," అన్నారు టీచర్. "మీ నాన్న మొక్కను చూసి చెప్పారమ్మా. నువ్వు అక్షరాన్ని చూసి చెప్పు. తొందరేం లేదు."

చెమట పట్టిన వేలు కాగితానికి అంటుకుంటుండగా, ఎంతసేపటికో, "స... గం..." అన్నాను. సగం పుల్ల. నా బతుకులో నేను చదివిన మొదటి మాట అది. తలెత్తితే నాయన మొక్కను చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు.

ఇంటి మలుపు దగ్గర ఆయన ఆగాడు. "మరి ఇన్ని దినాలు ఇంట్ల సదివిందేంది?" అన్నాడు. ఆ సాయంత్రం నాయన నా చదువు వినడానికి మంచం వాల్చలేదు. ఆ వారమంతా వాల్చలేదు. తరువాత ఒకరోజు పలక తెచ్చి నా ముందు పెట్టి, ఆ పూట పట్టాల మీద తాను కొలిచినవి చెప్పి, "రాయి. రాసింది సదువు. గిది నీకు ముందుగాల ఎవ్వరు చెప్పలే," అన్నాడు. చదువు నాకు అలా వచ్చింది.

ఆ క్వార్టర్లు కూల్చేశారు. నాయన లేడు. మా బడిలో ఇప్పుడు చదువుకొక పీరియడ్, లెక్కకొకటి, సైన్సుకొకటి. గింజలతో పాఠాలు వెనకబడుతున్నాయని పెద్ద టీచర్ అంటున్నారు. తడబడే పిల్లలను చూస్తే నాకు దిగులు కలగదు. నిన్న ఒక పాప తల్లి ఎదుట ఎక్కడా ఆగకుండా పాఠం చదివింది. నేను మెల్లగా పేజీ తిప్పాను. పాప వెనకటి పేజీనే చదువుతూ పోయింది. తల్లి సంతోషంగా ఫోనులో వీడియో తీస్తూనే ఉంది.