కూతురి తాడుకు తెయోదుల్

ఆ లోయలో మంచుకొండలెక్కించే గైడ్లలో తెయోదుల్ అంటే తెలియనివాళ్లుండరు. ఇరవై ఏళ్లు గైడ్ల పరీక్షలకు అతనే పెద్ద. అతని పద్ధతి ఒక్కటే. అభ్యర్థి తాడుకు తనను కట్టుకుని, కొండ దిగుతూ దిగుతూ చెప్పాపెట్టకుండా మంచువాలు మీదికి దూకేసేవాడు. పట్టి ఆపినవాడు గైడు. ఆపలేనివాడు అతనితో పాటు కింద మెత్తటి మంచులో బోర్లాపడి, మళ్లీ ఏడాది రావాల్సిందే. పెళ్లి విందుల్లో కూడా అతని పక్కన గైడ్లు కుర్చీ గట్టిగా పట్టుకునే కూర్చుంటారని ఊళ్లో వేళాకోళం.

కూతురు రెనాటా గైడయ్యేనాటికి అతను ఆ పని మానేశాడు. ఆమెకు పరీక్ష పెట్టింది వేరేవాళ్లు. ఆమె యాభై రెండు కిలోలు, తను తొంభై నాలుగు. నాలాంటివాడు జారితే ఈ పిల్ల ఆపగలదా అన్న అనుమానం అతణ్ణి ఆరేళ్లుగా తొలుస్తూనే ఉంది. డెబ్బయ్యో పుట్టినరోజుకు, మోకాలి చిప్ప మార్పించుకున్నాక, బీచ్‌హోర్న్ శిఖరం ఒక్కసారి ఎక్కాలని మనసు లాగింది. తోటి గైడ్లు తీసుకెళ్తామంటే వద్దన్నాడు. వెళ్తే రెనాటాతోనే అన్నాడు.

"ఇది పరీక్షా నాన్నా?" అంది రెనాటా.

"పరీక్షా లేదు, పాడూ లేదు. పుట్టినరోజు."

"దూకవుగా?"

"దూకను లేవే!"

భార్య ఫిలోమెనా రొట్టె, ఎండుమాంసం మూట కడుతూ, "ఈయన్ని నమ్మకు తల్లీ. పెళ్లినాడు చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని జారి చూశాడు, ఆపుతానో లేదోనని" అంది.

తెల్లవారేసరికి ఇద్దరూ రాతి గట్టు మీద ఉన్నారు. ముందు నడిచి నడిచి అలవాటైన అతని కాళ్లు రెండుసార్లు కూతుర్ని దాటబోయాయి.

"సార్, కస్టమర్లు వెనక!" అందామె.

నోరు మూసుకుని వెనక నడిచాడు. ప్రతి బండనూ వదులుగా ఉందేమోనని ఆమె అరచేత్తో తట్టి, చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే కాలు మోపుతోంది. అది తన అలవాటే. తను నేర్పలేదు, ఎప్పుడు చూసి నేర్చుకుందో! ఆ సంతోషంలో మోకాలి నొప్పి కూడా గుర్తురాలేదు. శిఖరం మీద కూతురి బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి, శ్రుతి లేకుండా ఓ పాట పాడి, వినలేక ఆమె చెవులు మూసుకునేదాకా ఆపలేదు.

దిగేటప్పుడు గైడు వెనక, పైన ఉండాలి. నలభై ఏళ్లు తెయోదుల్ చోటు అదే. ఇప్పుడు అతను ముందు. మంచువాలు వచ్చినప్పుడల్లా వెనక తాడు బిగుస్తోంది.

"ఎందుకే అంత బిగించడం? నేనేమన్నా ఆవునా?"

"ఆవైతే నమ్మేదాన్ని!"

మధ్యాహ్నపు ఎండకు మంచు మెత్తబడి, బూటు ముళ్ల కింద ఉండకట్టింది. ఒక్క అడుగు. కుడికాలు పోయింది. వెల్లకిలా పడ్డాడు, ఆకాశం గిర్రున తిరిగింది. అయిపోయింది, పిల్లని కూడా లాక్కుపోతున్నాను అనుకున్నాడు. అంతలో నడుం దగ్గర తాడు పట్టేసింది. ఆగిపోయాడు. తీరా చూస్తే జారింది రెండు బారలే.

పైన రెనాటా మడమలు మంచులో దిగేసి, మంచుగొడ్డలి పాతి, మొహం ఎర్రగా చేసుకుని కూర్చుని ఉంది.

"మాటిచ్చి మరీ దూకావ్! డెబ్బయ్యేళ్లొచ్చాయ్, సిగ్గు లేదూ?"

అవునని ఒక్క నవ్వు నవ్వితే సరిపోయేది. పరువు నిలిచేది, ఊరంతా ఇంకో పదేళ్లు చెప్పుకునేది. తెయోదుల్ మీసాల మీది మంచు తుడుచుకున్నాడు.

"దూకలేదే తల్లీ. జారాను. నిజంగానే జారాను."

"ఒట్టు?"

"ఒట్టు."

రెనాటాకు నవ్వాగలేదు. ఆ నవ్వు విని కింద అతనికీ ఆగలేదు.

"లేవండి మరి సార్, కిందికి వెళ్లాలి."

"ఉండవే," అన్నాడు తెయోదుల్ మంచులో అలాగే పడుకుని. "ఇంకాసేపు ఇలాగే పట్టుకో. హాయిగా ఉంది."