కిరోసిన్ హీటర్ తెచ్చిన శనివారం

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో మేం కొన్న టౌన్‌హౌస్‌కి గ్యాస్ లైను లేదు. వంట, వేణ్ణీళ్లు, చలికాలంలో వెచ్చదనం అన్నీ కరెంటుతోనే. డెబ్బైల చివర్లో ఆ ఇల్లు చూపించిన ఏజెంటు దాన్నే గొప్పగా చెప్పింది: పొగ ఉండదు, మసి ఉండదు. నేను హాస్పిటల్లో నర్సుని. మావారు ఒక చిన్న కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. గోడల అడుగున బారుగా అమర్చిన హీటర్లు చూసి ఇద్దరం మురిసిపోయాం.

కొన్ని చలికాలాలు గడిచేసరికి ఆ మురిపెం పోయింది. రేట్లు పెరుగుతున్నాయని కరెంటు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చేది, ఆ వెనకే బిల్లు వచ్చేది. జనవరి బిల్లు ఇంటి వాయిదాతో పోటీ పడసాగింది. మావారు ఆఫీసు నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా ప్రతి గదిలోనూ హీటర్ నాబ్ తిప్పి చూసేవారు.

"ఎవరు పెంచారు దీన్ని?"

"నేనే. పాపకి స్నానం చేయించాను."

"స్వెటర్ వెయ్యొచ్చుగా?"

"స్వెటర్ వేసి స్నానం చేయిస్తారా ఎవరైనా?"

ఆ మాటకి ఆయన విసురుగా నాబ్ చివరిదాకా తగ్గించేశారు. మా పాపకి నాలుగేళ్లు. కారు చప్పుడు వినగానే "డాడీ వచ్చారు" అంటూ పరుగెత్తి, తనకు అందే నాబ్‌లన్నీ తగ్గించేసేది. 

మా తెలుగు చర్చి వాళ్లం నెలకోసారి ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్లం. ఆ ఫిబ్రవరి వంతు మాది.

"ఆ రోజైనా హీట్ పెంచండి. పాస్టరమ్మగారికి కీళ్ల నొప్పులు" అన్నాను.

"చూద్దాంలే" అన్నారు.

ముందురోజు ఆయన హార్డ్‌వేర్ షాపు నుంచి కిరోసిన్ హీటర్ పట్టుకొచ్చారు. అప్పట్లో చాలామంది కొనేవారు వాటిని. కిటికీ కాస్త తెరిచి ఉంచాలని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. చదివి వినిపించాను.

"తెరిస్తే ఇంక వేడెక్కడుంటుంది?" అన్నారు. చలిగాలి రాకుండా క్రిస్మస్ ముందే కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు అంటించేశారాయన. మళ్లీ గొడవెందుకని నేనూ ఊరుకున్నాను. నర్సునై ఉండి ఊరుకున్నాను.

శనివారం మధ్యాహ్నం పద్నాలుగు మంది వచ్చారు. గదిలోకి వస్తూనే కోట్లు విప్పేశారు.

"మీ ఇల్లు భలే వెచ్చగా ఉంది బ్రదర్" అన్నారెవరో. ఎన్నో వారాల తర్వాత మావారి ముఖంలో నవ్వు చూశాను.

పాటలు అయ్యాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. నా తల పగిలిపోతోంది. డ్యూటీ అలసట అనుకున్నాను. పక్కన ఆవలింతలు వినిపించాయి. పాస్టరుగారు అన్న వాక్యమే మళ్లీ అన్నారు, ఇంకోసారి అని ఆగిపోయారు. కళ్లు తెరిచాను. పాస్టరమ్మగారి ఒళ్లో పాప నిద్రపోతోంది. పగలు ఎంత జోకొట్టినా కన్ను మూయని పిల్ల అది.

వెళ్లి పిలిచాను. పలకలేదు. చెంప మీద తట్టాను. తల పక్కకి వాలిపోయింది. హీటర్ పెట్టె మీద రాసింది గుర్తొచ్చింది.

"లేవండి! అందరూ బయటికి వెళ్లండి!"

"ప్రార్థన అవ్వనీ సిస్టర్" అన్నారొకాయన కళ్లు మూసుకునే.

"బయట చేద్దాం ప్రార్థన! ఏవండీ, ఆ హీటర్ ఆర్పండి! తలుపు తియ్యండి!"

 మావారు హీటర్ ఆర్పి, కిటికీల మీది ప్లాస్టిక్‌ని గోళ్లతో చీల్చేశారు. కోట్లు లేకుండా, ఉత్త మేజోళ్లతో అందరం మంచులో నిలబడ్డాం. ఇద్దరు నడవలేకపోతే మిగతావాళ్లు పట్టుకొచ్చారు. పాప నా భుజం మీద బరువుగా వేలాడుతోంది. వీపు రుద్దుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. చివరికి వాంతి చేసుకుంది. ఆ తర్వాత ఏడ్చింది. 

పక్కింటావిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఎమర్జెన్సీలో, హీటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కిందని చెప్పి, పాపకి, మరో నలుగురికి ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. నేను పనిచేసే హాస్పిటల్ అది. తోటి నర్సుల ముఖం చూడలేకపోయాను.

"దాన్ని నేనే చంపుకునేవాణ్ణి" అన్నారు మావారు వరండాలో.

"ఆ పెట్టె మీద రాసింది చదివింది నేనే కదండీ" అన్నాను. 

పాప మర్నాడు ఇంటికొచ్చింది. ఆ పై ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు పంచుకునే సాక్ష్యాల సమయంలో మావారు లేచి నిలబడ్డారు. పదిమందిలో నోరు విప్పే మనిషి కాదు.

"మా ఇల్లు ఎందుకంత వెచ్చగా ఉందో మీకు చెప్పాలి" అని మొదలుపెట్టారు. "కరెంటు బిల్లంటే నాకు భయం పట్టుకుంది. ఆ సంగతి మీకు తెలిస్తే చిన్నతనమనుకున్నాను. ఆ చిన్నతనం తప్పించుకోడానికి మీ అందరి ప్రాణాల మీదికి తెచ్చాను. క్షమించండి."

 ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఇద్దరు మగవాళ్లు ఆయన దగ్గరికొచ్చారు. ఇద్దరివీ కరెంటు ఇళ్లే. ఇద్దరూ అలాంటి హీటరే కొన్నారు. ఒకాయన దాన్ని బెడ్‌రూమ్‌లో పెట్టుకున్నారు. మావారు అప్పటికప్పుడు వాళ్లతో వెళ్లి, రెండిళ్ల హీటర్లూ ఆర్పించి, సాయంత్రానికి తిరిగొచ్చారు.

"బెడ్‌రూమ్‌లో పెట్టుకున్నాయన భార్యకి వారం నుంచి తలనొప్పట. ఫ్లూ అనుకుంటున్నారు" అన్నారు, కోటు విప్పుతూ.

బిల్లులు తగ్గలేదు. చలికాలపు భారం ఒక్కసారే మీద పడకుండా, నెలనెలా ఒకేలా కట్టే ఏర్పాటుకి కరెంటు కంపెనీ ఒప్పుకుంది. ఆ మార్చి దాకా పై అంతస్తు మూసేసి, ముగ్గురం కింది గదిలోనే పడుకున్నాం. కొన్నేళ్ల తర్వాత దగ్గర్లోనే షాంటిలీ అనే ఊళ్లో గ్యాస్ ఉన్న ఇంటికి మారాం.