జంగ్లీఘాట్ గోడ మీద వంజరం

జంగ్లీఘాట్‌లో మా దీవి చేపల రేవుకు వెళ్లే దారిలో, ఒక గోడ మీద ఎవరో పెద్ద వంజరం చేప బొమ్మ వేశారు. దాన్ని ఫోటో తీద్దామని ఆదివారం పొద్దున్నే వెళ్లాను. గోడ ముందు ఒక తెలుగావిడ చేపలు అమ్ముతోంది.

“దీదీ, కాస్త జరుగుతారా? బొమ్మ ఫోటో తీసుకోవాలి.”

“జరుగుతాను భయ్యా, లేకిన్ ఆ బొమ్మేసింది నేనే. మా బోటుకేసిన పెయింటు మిగిలిపోయింది. గోడ ఖాళీగా ఉంది కదాని వేసేసాను,” అని నవ్వింది.

దగ్గరికెళ్లి చూశాను. నీలం వీపు, వెండి పొట్ట, పక్కల సన్నటి చారలు. నేను పుట్టింది ఇక్కడే అయినా, ఇన్నేళ్లుగా తింటున్న ఈ చేపను ఎప్పుడూ ఇంత శ్రద్ధగా చూడలేదు.

“జరగొద్దు దీదీ, అక్కడే ఉండండి,” అన్నాను.

ఆవిడ కత్తి పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, కెమెరా వైపు కాక గోడ మీది తన చేప వైపు తిరిగి చూసింది.