చుక్కలక్క బూట్లు

మా పశువుల రోగాల ల్యాబులో పరీక్షలు చేసే ఆవిణ్ణి అందరూ చుక్కలక్క అంటారు. పొద్దస్తమానం సన్నటి గొట్టాల్లో చుక్కలు వేస్తూ కూర్చుంటుందని ఆ పేరు పెట్టింది నేనే. నేను ల్యాబు జీపు నడుపుతాను, పేర్లు పెట్టడానికి బోలెడంత తీరిక. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒక్క ఫలితం కూడా మార్చి చెప్పలేదు. పై అధికారి బతిమాలినా, రైతు కాళ్లమీద పడినా ఉన్నది ఉన్నట్టే చెప్పేది. మొండిఘటమని చాటుగా తిట్టుకునేవాణ్ణి.

తండ్రి పోయాక ఆవిణ్ణి పెంచి చదివించింది అన్నయ్యే, అదీ పందుల్ని మేపి. "నా డిగ్రీలో సగం పందులదే" అని నవ్వేది.

మొన్న వానల్లో దూరాన ఒక ఫారంలో పందులు జ్వరమొచ్చి చస్తున్నాయంటే వెళ్లి నెత్తురు తీసుకొచ్చాం. వాన దంచుతోంది. బూట్లు మందునీళ్లలో ముంచాల్సింది, ల్యాబుకెళ్లి చూసుకుందాంలే అని జీపెక్కేశాం. తిరుగుదారిలోనే అన్నగారి దొడ్డి. రోగమున్న చోటికి వెళ్లినవాళ్లు వారం దాకా మరో దొడ్డి గడప తొక్కకూడదని నాకు నూరిపోసింది ఆవిడే. కానీ అన్నయ్యను చూసి రెండు నెలలైంది. బురద బూట్లు గేటు బయటే విప్పి, అక్కడున్న చెప్పులేసుకుని ఇంట్లోకి వెళ్లింది. నేను ఆపాల్సింది. జీపులో కునుకు తీశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి బూట్లు తళతళలాడుతున్నాయి. "వాన కడిగిపెట్టిందక్కా" అని నవ్వాను కూడా.

పది రోజులకు అన్నగారి పందులు మేత మానేశాయి. అదే జ్వరం. నలభై పందుల్నీ చంపి గోతిలో పూడ్చారు, చుట్టుపక్కల దొడ్లన్నీ ఖాళీ చేయించారు. పందులకు హోటళ్ల ఎంగిలి ఉడకబెట్టకుండా పెట్టి రోగం తెచ్చాడని, మా కొంప ముంచాడంటూ తోటి రైతులు ఆయన మొహం చూడ్డం మానేశారు. మొదట్లో ఉడకబెట్టే పెట్టానని వాదించాడు. తర్వాత, ఏదో ఒక రోజు సరిగ్గా ఉడకలేదేమోనని తనే నమ్మేశాడు. మనిషి సగమైపోయాడు.

చుక్కలక్క పట్టుబట్టి ఆ వైరస్ జన్యువుల్ని చదివింది. మనుషులకు ఇంటి పోలికలున్నట్టే వైరస్‌కూ ఉంటాయట. ఎక్కడి వైరస్ అక్కడ నాలుగు అక్షరాలు మార్చుకుంటుందట. ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలితే అన్నయ్య మీద నింద పోతుందని ఆవిడ ఆశ.

తేలింది. దూరపు ఫారంలో మేం తెచ్చిన నెత్తుట్లోని వైరస్‌తో కలిసింది, ఒక్క అక్షరం తేడా లేదు. ఆ రెండు చోట్లకీ వెళ్లింది మేమిద్దరమే. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం "జీపు తియ్యి" అంది.

ఖాళీ దొడ్డి ముందు అన్నయ్య బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఎంగిలి వల్ల కాదన్నయ్యా. ఆ రోజు నాతోనే వచ్చింది. అందరికీ రాసిస్తాను" అంది.

ఆయనకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. "బూట్లు బయటే విప్పావుగా?"

"విప్పాను. అదే అర్థం కావట్లేదు."

ఆయన పందుల నీళ్లతొట్టి వైపు తిరిగాడు. దాని మీదే కొళాయి ఉంది.

"నువ్వు మీ వదినతో మాట్లాడుతుంటే, బురదగా ఉన్నాయని నేనే కడిగిపెట్టానమ్మా. అక్కడే." మళ్లీ ఆయనే అడిగాడు. "నేను కడక్కపోయుంటే పందులు బతికేవా?"

చుక్కలక్క తొట్టి వైపు చూడనే లేదు.

"లేదన్నయ్యా. బూట్లు పరీక్ష చేశాను, వాటిలో ఏమీ లేదు. నా బట్టలకే అంటుకొచ్చింది."

ఆయన తలూపాడు. ఆ బూట్లను ఎవరూ పరీక్ష చెయ్యలేదు. అవి ఆ రోజు నుంచీ నా జీపులో, వెనక సీటు కిందే ఉన్నాయి.